నొక్కు, పట్టుకో, వదులు

జూన్ 3, మంగళవారం

అమ్మాయి ఫోన్ చేసింది. కొండ మీది ఆస్పత్రిలో ల్యాబ్ ఉద్యోగం ఖాయమైందట. పైకి బస్సు రోజుకి రెండుసార్లే వెళ్తుందట, అందుకని నాన్న కారు కావాలంది. ఇరవై రెండో తారీకు, ఆదివారం, వచ్చి తీసుకెళ్తుందట. తీసుకెళ్ళు, ఊరికే తుప్పు పడుతోంది అన్నాను. అంత తేలిగ్గా ఎలా అనగలిగానో నాకే తెలీదు.

ఫోన్ పెట్టేసి షెడ్డు తలుపు తీశాను. మార్చిలో డెంటింగ్ షాపు వాళ్ళు ముందుభాగం కొత్తది బిగించి, బండిని లాగించి తెచ్చి, గుడ్డ కప్పి వెళ్ళారు. అప్పట్నుంచి అటు పోలేదు. ఆ రోజు వాళ్ళలో ఒకతను బ్రేకు పెడల్ మెత్తగా ఉంది, చూపించుకోండి అంటే తల ఊపాను. ఇవాళ గుడ్డ తీసి లోపల కూర్చున్నాను. సీటు చివరిదాకా వెనక్కి ఉంది. మా ఆయన కాళ్ళు పొడుగు. ఇరవై ఏళ్ళుగా ఈ సీటు మీదే మాకు తగువు. నేను నడిపి దిగిన ప్రతిసారీ ఆయన వెనక్కి లాగేవారు, ఎక్కిన ప్రతిసారీ నేను ముందుకి లాక్కునేదాన్ని. "ఒక్కరోజైనా నాకోసం ముందుకి జరిపి పెట్టొచ్చుగా" అంటే, "పొట్టివాళ్ళకి చేతులు పొడుగ్గా ఉంటాయి, లాక్కో" అనేవారు.

ముందుకి లాక్కుని బ్రేకు నొక్కాను. బురదలో దిగినట్టు కాలు నేలదాకా పోయింది.

చాలాకాలం కదలని బండికి అలాగే అవుతుంది.

జూన్ 4

సీటు వెనక్కి ఉంది. నిన్న నేను జరపలేదేమో.

జూన్ 5, గురువారం

బండిని దగ్గు మెకానిక్‌కి చూపించాలి. బండి కింద నుంచి దగ్గు వినిపిస్తే షాపు తెరిచి ఉన్నట్టు లెక్క, అందుకే వీధిలో అందరూ అతన్ని అలా అంటారు. మంచివాడు, పనిమంతుడు. చక్రం విప్పాడంటే ఒక్క నిమిషంలో పట్టేస్తాడు.

ఏం పట్టేస్తాడో ఇక్కడ రాయక్కర్లేదు. మా ఆయన పోయింది గుండెపోటుతో. పొద్దుట్నుంచి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంటున్నారని డాక్టరుకి నేనే చెప్పాను. నిజంగానే పెట్టుకున్నారు. పుల్లటి తేన్పులు వస్తున్నాయన్నారు. ఆ రెండోమాట చెప్పలేదు, అంతే.

కాబట్టి నేనే చేస్తాను. కళ్ళజోళ్ళ షాపులో పదహారేళ్ళుగా అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెడుతున్నాను. అర మిల్లీమీటరు తేడా వస్తే నాకు నిద్రపట్టదు. నేను చేసిన జోడు ఇంతవరకూ వెనక్కి రాలేదు. ఒక నట్టు విప్పి బిగించలేనా.

షెడ్డు అరలో ఆయన నోటుబుక్కు దొరికింది. బండికి ఎప్పుడేం చేశారో అన్నీ రాసుకునేవారు. ఎక్కడైనా అనుమానముంటే పక్కన చుక్క పెడతారు. మళ్ళీ చూసి, సరిగ్గా ఉందనిపిస్తే ఆ చుక్కని కొట్టేస్తారు. బ్రేకు పేజీలో ఇలా ఉంది: "ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ మీద, ఒకరు చక్రం దగ్గర. నొక్కు. పట్టుకో. అప్పుడు చక్రం వెనక చిన్న నట్టు తెరిస్తే ఆయిల్‌తో పాటు గాలి బుడగలు గొట్టంలోకి వస్తాయి. నట్టు బిగించాకే, వదులు. ముందే వదిలితే బయటి గాలి లోపలికి పోతుంది, బ్రేకు పట్టదు. అన్నిటికన్నా దూరం చక్రంతో మొదలు."

జూన్ 8, ఆదివారం

సిగ్గుచేటు. ఎవరికీ చెప్పను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

బ్రేకు ఆయిల్ సీసా కొనుక్కొచ్చి, బానెట్ ఎత్తి, మూత తీసి పోశాను. సగం సీసా పట్టింది. ఇంత దాహం మీదున్న బండి మెత్తబడక ఏమవుతుంది అని మురిసిపోయాను కూడా. తీరా చూస్తే అది అద్దం కడిగే నీళ్ళ డబ్బా. ఆ సంగతి వైపర్ మీట నొక్కాక తెలిసింది. చిమ్మినదంతా అద్దం మీద జిడ్డుగా పరుచుకుంది, బానెట్ మీదా పైకప్పు మీదా చుక్కలు పడ్డాయి.

ఎదురింటి పెద్దాయన వరండాలోంచి పేపరు దించి, "బండికి తల అంటుతున్నావా అమ్మా?" అన్నాడు. చెవులు సరిగా వినిపించని మనిషికి కళ్ళు మాత్రం భేషుగ్గా పనిచేస్తాయి.

ఆయన ఉంటే ఈ సంగతి వీధి మొత్తానికి చెప్పి నవ్వేవారు. నా మీదే కాదు, తనమీద అయినా అంతే. ముందు అద్దానికి మైనం పాలిష్ పట్టించి, ఎండలో దారి కనబడక తల బయటపెట్టి ఇంటిదాకా నడిపిన సంగతి మొదట చెప్పింది ఆయనే. వైర్లు కలపడంలో ఎక్కడో తేడా వచ్చి, ఎడమకి తిరిగితే చాలు హారన్ మోగేది. వారం రోజులు కుడివైపు మలుపులే తిరుగుతూ ఆఫీసుకి వెళ్ళానని ఆ సంగతీ ఆయనే చెప్పారు. తప్పు చేస్తే ఆయనకి ఒక కథ దొరికినట్టు. నాకు అలా చేతకాదు.

జూన్ 9

ఆయిల్ పడినచోటల్లా పెయింటు ముడతలు పడి లేచిపోయింది. గోటితో గీకితే పొరలుగా ఊడి వస్తోంది.

సీటు వెనక్కి ఉంది.

జూన్ 11, బుధవారం

మధ్యాహ్నం షాపు ఒంటిగంటన్నర నుంచి మూడున్నర దాకా మూస్తారు. ఇంటికొచ్చి, అన్నం కూడా తినకుండా షెడ్డులో దూరాను. ముందు ఎడమ చక్రం ఒక్కటి చూస్తే చాలు. ఎందుకు అదొక్కటే అని అడిగేవాళ్ళు లేరు.

జాకీ పెట్టకూడని చోట పెట్టాను. బండి లేవలేదు గానీ తలుపు కింద రేకు లోపలికి నొక్కుకుపోయింది. రెండోసారి చోటు మార్చి, చక్రం నట్లని పదినిమిషాలు బిగించాను, విప్పుతున్నాననుకుని. చివరికి ఎలాగో చక్రం ఊడింది. పెడల్ నొక్కి పట్టడానికి రెండో మనిషి లేడుగా, సీటుకీ పెడల్‌కీ మధ్య గొడుగు ఆనించాను. అది అక్కడే విచ్చుకుంది. గొడుగులో ఇరుక్కుపోయిన ఆడమనిషిని ఎవరూ చూడలేదు, నా అదృష్టం.

గొడుగు మడిచి, ఊరికే సీట్లో కూర్చుని ఊపిరి పీల్చుకుంటున్నాను. షెడ్డు పైరేకు చిల్లుల్లోంచి ఎండ బానెట్ మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. వీధిలో అలికిడి లేదు.

ముందు ఎడమ చక్రం దగ్గర్నుంచి, "నొక్కు" అని వినిపించింది.

గట్టిగా కాదు. ఆయన గుడ్డముక్క పళ్ళ మధ్య పెట్టుకుని పనిచేస్తూ ఎలా అంటారో అలా. నేను నొక్కాను. ఆలోచించలేదు, కాలు తనంతట తనే దిగింది. "పట్టుకో" అంది ఆ గొంతు. పట్టుకున్నాను. పిక్కలు పీకాయి. మూడో మాట కోసం చూశాను. రాలేదు. గడియారం రెండుంబావు నుంచి మూడుంబావు దాకా తిరిగింది. షాపుకి వేళ మించిపోతోంది.

కాలు తీసేశాను. మళ్ళీ.

మళ్ళీ అని ఎందుకు రాశానో. కొట్టెయ్యాలి.

జూన్ 12, గురువారం

ఎండదెబ్బ. ఖాళీ కడుపు. అంతకన్నా ఏమీ లేదు.

సాయంత్రం గేటు తీస్తుంటే ఎదురింటి పెద్దాయన పలకరించాడు. మెకానిక్‌ని పెట్టుకున్నావా అమ్మా, మంచి పని చేశావు అన్నాడు. ఎవర్నీ పెట్టలేదన్నాను. "మరి మధ్యాహ్నమంతా షెడ్డులో ఎవరో నొక్కు, నొక్కు అంటున్నాడే" అన్నాడు.

ఇవాళ మధ్యాహ్నం నేను ఇంటికే రాలేదు. షాపులోనే మూల బల్ల మీద తల వాల్చుకున్నాను.

పెద్దాయనకి చెవులు వినిపించవు, ఏదో భ్రమపడి ఉంటాడని సర్దిచెప్పుకున్నాను. గుమ్మంలో చెప్పులు విప్పుతుండగా తట్టింది. వీధి చివర లారీ హారన్ కొట్టినా వినపడని మనిషికి అది ఎలా వినిపించింది?

జూన్ 14, శనివారం

దగ్గు మెకానిక్ షాపుకి వచ్చాడు. కంటి శుక్లం తీయించుకున్నాడట. కొత్త జోడు కొలతకి నేనే కూర్చోబెట్టాను. నెలదాకా వంగకూడదన్నారట, షాపు మూసి ఇంట్లో ఈగలు తోలుకుంటున్నానని నవ్వాడు. కంటిపాప ఎక్కడికి వస్తుందో అద్దం మీద చుక్క పెట్టడానికి నేను అతని ముఖం దగ్గరికి వంగినప్పుడు, మెల్లిగా చెప్పాడు.

"వదినగారూ, ఆ రోజు పిండిమర దగ్గర అన్నయ్య గుద్దిన గోడ నుంచి బండిని లాగింది నేనే. పెడల్ నొక్కి చూశాను. లైన్లో గాలి ఉంది. నేను ఎవరికీ చెప్పలేదు. అన్నయ్య స్వయంగా చేసుకున్న పని. పోయాక కూడా జనం నవ్వుతారని నోరు మూసుకున్నాను."

బండిని ఎవరూ నడపొద్దని, వేరే షాపుకి తోయించుకెళ్ళమని చెప్పాడు. సరేనన్నాను. అతని జోడుకి పెట్టాల్సిన చుక్క రెండుసార్లు తప్పు పెట్టాను.

జూన్ 15, ఆదివారం

అయితే అదీ సంగతి. ఆయనే నట్టు సరిగా బిగించలేదన్నమాట. మైనం, హారన్, అన్నీ చేసిన మనిషే కదా. ఈ ఒక్కటి మాత్రం ఎందుకు చేసి ఉండరు? మెకానిక్కే అన్నాడు. పనిమంతుడు, అతనికి తెలీదా.

మనసు తేలికపడింది. చాలా రోజుల తరవాత కడుపునిండా తిన్నాను.

జూన్ 16

షెడ్డు తలుపు గొళ్ళెం లోపల్నుంచి వేసి ఉంది. కిటికీ సందులోంచి కర్ర పెట్టి తీశాను. లోపల ఎవరూ లేరు. సీటు వెనక్కి ఉంది, దాని మీద గుడ్డముక్క ఉంది. అంచున పంటిగాట్లు. తడిగా ఉంది.

జూన్ 17

ఏమీ లేదు.

జూన్ 18, బుధవారం

షెడ్డు గోడమీద ఆయన ఒక్కో చక్రం పూర్తిచేసి ఒక్కో సుద్ద గీత గీస్తారు. ఫిబ్రవరివి నాలుగు గీతలు ఇంకా ఉన్నాయి. చక్రాన్ని గోడకి ఆనించబోతూ ఇవాళ దగ్గరగా చూశాను. మూడో గీత పక్కన చుక్క ఉంది. దాన్ని కొట్టెయ్యలేదు.

మూడోది ముందు ఎడమ చక్రం.

ఇంక రాయక తప్పదు. ఇక్కడ కూడా అబద్ధమాడితే ఈ పుస్తకం ఎందుకు?

ఫిబ్రవరి తొమ్మిది, ఆదివారం, పదకొండు గంటలు. నేను పెడల్ మీద, ఆయన కింద. రెండు చక్రాలు బాగానే అయ్యాయి. మూడోదానికి "పట్టుకో" అన్నారు. పక్క సీట్లో నా ఫోన్ మోగింది, అమ్మాయి. అందుకోవడానికి వంగాను. కాలు జారలేదు, నేనే తీశాను. ఒక్క క్షణం. మళ్ళీ తొక్కేసి, ఏమీ ఎరగనట్టు "హలో" అన్నాను. అమ్మాయి చెప్పుల గురించి ఏదో అడిగింది, బ్రేకు మీద ఉన్నాను తరవాత చెయ్యి అన్నాను. నాలుగో చక్రం కూడా అయ్యాక ఆయన వచ్చి పెడల్ చేత్తో నొక్కి చూశారు. కాస్త మెత్తగా ఉందే అన్నారు. నా ముఖంలోకి చూసి అడిగారు.

"మధ్యలో వదిలేశావా?"

"లేదు."

అవునంటే ఏమయ్యేది? నవ్వేవారు. సాయంత్రం పెద్దాయనకి చెప్పి ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఇంకో పావుగంట పని పెరిగేది. దానికి లేదన్నాను. అనుమానంతో చుక్క పెట్టుకున్నారు గానీ, చుక్క కన్నా నా మాట నమ్మారు. ఒక రౌండు కొట్టొస్తానన్నారు. పిండిమర పక్కన దిగువ, దాని చివర గోడ.

పోయినవారం ఒకావిడ కొత్త జోడు పెట్టుకుంటే కళ్ళు తిరుగుతున్నాయని వచ్చింది. అద్దం వంపు నేనే తప్పు కోశాను. ఫ్రేము వంకరగా ఉందని చెప్పి, కొత్త ఫ్రేములో సరైన అద్దం పెట్టి పంపాను. పదహారేళ్ళలో నా జోళ్ళు వెనక్కి రాకపోవడం వెనక ఇలాంటి ఫ్రేములు చాలా ఉన్నాయి.

జూన్ 20, శుక్రవారం

అమ్మాయి ఫోన్. సామాను సర్దుకుందట. మాటల మధ్యలో అంది.

"అమ్మా, ఆ రోజు నేను ఫోన్ చేసినప్పుడు నాన్న పక్కనే ఉన్నారు కదా. ఛాతీ నొప్పి అని తెలిసి ఉంటే ఆ నిమిషమే ఆస్పత్రికి పంపేదాన్ని. ఇక్కడి ల్యాబ్‌లో రోజూ గుండెపోటు రక్తం పరీక్షలు చేసేదాన్ని, ఆ పూట చెప్పుల గురించి మాట్లాడాను. దానికే నిద్రపట్టదు నాకు."

ఆదివారం రా, మాట్లాడుకుందాం అన్నాను. నాలుగు నెలలుగా నా అబద్ధం ఆ పిల్లని తింటోంది. నేనేమో ఆ అబద్ధాన్ని షెడ్డులో గుడ్డ కప్పి దాచాననుకున్నాను.

జూన్ 21, శనివారం

సెలవు పెట్టాను. వేరే షాపుకి పంపొచ్చు. పంపను. ఆ గాలి నేను పెట్టింది, నేనే తీయాలి.

మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టాను. ఆయిల్ సరైన మూతలోనే పోశాను, మూడుసార్లు చూసి. సీటు వెనక్కి ఉంది. దాన్ని ముట్టుకోలేదు. తలుపు తెరిచి ఉంచి, ముందు ఎడమ చక్రం దగ్గర నేలమీద పడుకున్నాను. నట్టుకి గొట్టం తగిలించి, రెండో కొస సీసాలో పెట్టాను. ఇప్పటిదాకా నేను ఎప్పుడూ ఈ పక్కన లేను. ఇక్కణ్ణుంచి పెడల్ దగ్గరున్న మనిషి కనబడరు. మాట ఒక్కటే ఆధారం.

అన్నాను.

"నొక్కండి."

సీటు స్ప్రింగు కిర్రుమంది. పెడల్ దిగిన చప్పుడు వినిపించింది.

"పట్టుకోండి."

నట్టు తెరిచాను. గొట్టంలోకి బుడగలు వచ్చాయి. ఒకటి తరవాత ఒకటి, ఎంతకీ ఆగకుండా. ఆ ఒక్క క్షణం కాలు ఎత్తినందుకు ఎంత గాలి! నట్టు తెరిచి ఉండగా ఆ కాలు లేస్తే ఇదంతా మళ్ళీ లోపలికి పోతుంది. నేను చేసిందే నాకు చేస్తే అడగడానికి నాకేం హక్కుంది? భయంతో చేతులు గడ్డకట్టాయి. బిగించడానికి రావడం లేదు. అప్పుడు చెప్పాను, బండి కడుపు కింద ఆ ఇనుముకేసి చూస్తూ.

"నేను వదిలేశానండీ. ఫోన్ కోసం వదిలేశాను. మీరడిగితే లేదన్నాను. మీకు గుండెపోటని అందరికీ చెప్పాను. మీ పని మీద మెకానిక్ జాలిపడితే ఊరుకున్నాను."

ఏడుస్తూనే ఉన్నాను, ఎంతసేపో తెలీదు. కళ్ళు మాత్రం గొట్టం మీదే ఉన్నాయి. ఒక్క బుడగ కూడా వెనక్కి పోలేదు. నేను ఆ రోజు అరనిమిషం పట్టుకోలేకపోయిన పెడల్‌ని, నా ఏడుపు అయిపోయేదాకా పట్టుకునే ఉన్నారు. కళ్ళు తుడుచుకుని నట్టు బిగించాను.

"వదలండి."

పెడల్ పైకి లేచింది.

పదకొండుసార్లు అలా చేశాం. పదకొండోసారి ఒక్క బుడగా రాలేదు. మిగతా మూడు చక్రాలూ విప్పి చూశాం, వాటిలో గాలి లేదు. చేశాం అనే రాస్తాను. లేచి చూస్తే సీట్లో ఎవరూ లేరు. పెడల్ చేత్తో నొక్కాను. రాయిలా నిలబడింది.

జూన్ 22, ఆదివారం

అమ్మాయి పది గంటలకి వచ్చింది. పెయింటు చూసి, తలుపు కింద నొక్కు చూసి, నాన్న ఆత్మ నీకు పట్టిందా అంది నవ్వుతూ. తాళాలు చేతిలో పెట్టకముందే షెడ్డు గుమ్మంలో కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఫోను, కాలు, ఆయన అడిగిన ప్రశ్న, నేను చెప్పిన జవాబు. గోడమీద చుక్క చూపించాను. నిన్నటి సంగతి మాత్రం చెప్పలేదు. అది అబద్ధం కాదు, మా ఇద్దరిదీ.

లేచి వెళ్ళి ఆ చుక్క మీద వేలు పెట్టి చూసింది. తరవాత ఒకటే అడిగింది.

"నాన్న గుండె బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

అప్పుడు ఏడ్చింది. నన్ను పట్టుకోలేదు, తిట్టలేదు. ఏడుపయ్యాక తాళాలు తీసుకుని, కాసేపు చూసి, మళ్ళీ నా చేతిలోనే పెట్టింది. "నువ్వు నడుపు. పిండిమర దగ్గరికి." అటువైపు వెళ్ళి పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది.

దిగువలో సగందాకా వెళ్ళి నొక్కాను. బండి ఆగింది. గోడ అల్లంత దూరంలో ఉండిపోయింది. ఇద్దరం దానివైపు చూశాం. ఇంటికొచ్చాక సుద్దముక్క అమ్మాయికిచ్చాను. చుక్కని తనే కొట్టేసింది. నన్ను ఎప్పటికి క్షమిస్తుందో తెలీదు, అడగలేదు. నాలుగింటికి బండి తీసుకుని కొండదారి పట్టింది. చేరానని ఇప్పుడే ఫోన్ చేసింది.

ఒకటి రాయడం మరిచాను. పొద్దున పిండిమరకి బయల్దేరే ముందు డ్రైవరు సీట్లో కూర్చుని, అలవాటుగా సీటు ముందుకి లాక్కుందామని కిందికి చెయ్యి పెట్టాను. లాగాల్సిన పని లేకపోయింది. నా కాళ్ళకి సరిగ్గా అందేలా, ముందుకి జరిపి పెట్టి ఉంది.